చిల్లరపద్దుల చోరత్వము

నెలకొకసారి క్రెడిట్ కార్డు లెక్కపత్రము వచ్చును. అందొకచోట నలువదితొమ్మిది రూపాయలకు ఒక పద్దుండును. ఎదుటనున్న పేరు మనమెరిగిన యంగడి పేరు గాదు. నాలుగైదు ఇంగ్లీషు అక్షరములు, ఒక నక్షత్రపు గుర్తు, పిమ్మట కొన్ని యంకెలు మాత్రము కానవచ్చును. గృహస్థు క్షణకాలము దానివంక జూచి, ‘ఏమో, పిల్లలెవరో ఏదో కొనియుందురు’ అని కాగితమును మడిచిపెట్టును. ఈ ‘ఏమో’ యను మాటను పెట్టుబడిగా జేసికొని నేడు లోకమున నొక పెద్ద వ్యాపారము నడచుచున్నది. దానినిగూర్చి మా చదువరులకు నాలుగు మాటలు చెప్పుట యవసరమని తలచుచున్నాము.

ఒకప్పుడు ఈ కార్డులు చెన్నపట్టణపు వర్తకులకును, పెద్ద యుద్యోగులకును మాత్రమే చెందిన సొత్తు. నేడట్లు గాదు. ముత్తుకూరు చెంత రొయ్యల చెరువులు సాగుచేయువాడు, కోవూరి ధాన్యపు వ్యాపారి, కావలి ఉపాధ్యాయుడు, కృష్ణపట్టణము రేవులో నౌకరి చేయు పడుచువాడు, కుమార్తెను విదేశమునకు జదువ బంపిన తండ్రి, వీరందరి చొక్కా జేబులలోను ఆ పలుచని పలక యుండుచున్నది. కార్డు లేనివారికిని బ్యాంకు ఖాతాయు, ఏటీఎం కార్డును గలవు. జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు తీరములందలి బెస్తకుటుంబములకు వేట నిషేధకాలపు భృతి మొదలగు ప్రభుత్వ సహాయములు చేతికి గాక ఖాతాకే వచ్చుచున్నవి. కావున ఈ చిల్లర చోరత్వము ధనవంతుల తలనొప్పి మాత్రమే యనుకొనుట పొరపాటు. ధనవంతునకు నలువదితొమ్మిది రూపాయలు కనబడనే కనబడవు. కడలినుండి వట్టి వలతో మరలివచ్చిన దినమున బెస్తవానికి అది ఇంటి బియ్యపు ఖరీదు.

దొంగ యింత తక్కువ మొత్తమును ఏల తీయును? ఒకేసారి ఏబదివేలు తీసికొనరాదా? ఈ ప్రశ్న మమ్ము పలువురడిగియున్నారు. దీనికి రెండు కారణములు గలవు. మొదటిది, పరీక్ష. కార్డుల యంకెలు దొంగల సంతలో గుట్టలుగుట్టలుగా అమ్ముడుపోవుచున్నవి. ఎచ్చటనో ఒక యంగడివారి లెక్కల యంత్రమునుండి దొంగిలింపబడినవి కొన్ని, పెట్రోలు బంకులోనో ఏటీఎంలోనో దొంగయంత్రమును తగిలించి కాజేసినవి కొన్ని, అసలు ఎవరియొద్దను దొంగిలింపక లెక్కవేసి కల్పించినవి మరికొన్ని. కల్పించుట ఎట్లని మా చదువరులు ఆశ్చర్యపడవచ్చును. కార్డుపై నున్న మొదటి యంకెలు బ్యాంకును సూచించును. కట్టకడపటి యంకె మిగిలినవానినుండి గుణించి తీయబడు తాళపుటంకె మాత్రమే. ఈ పద్ధతిని హాన్స్ పీటర్ లూన్ అను ఐబీఎం సంస్థ యింజనీరు కనిపెట్టగా, 1960లో దానికి పేటెంటు లభించినది. ఆయన ఉద్దేశము వ్రాతలో దొరలు తప్పులను పట్టుకొనుట. సూత్రము బహిరంగమైనది గావున యంత్రముచేత వేలకొలది యంకెలను పుట్టించుట కష్టముగాదు. అందు జీవమున్న కార్డేదో తెలిసికొనుటకు దొంగ పదిరూపాయలో ఇరువదిరూపాయలో తీసిచూచును. పద్దు పడినదా, యజమాని పలుకలేదా, వాకిలి తెరచియున్నదని గ్రహించి పెద్ద సంచితో మరల వచ్చును. చిన్న పద్దు చిన్న నష్టము గాదు, పెద్ద నష్టమునకు ముందు వచ్చిన వేగువాడు.

రెండవ కారణము మరింత కపటమైనది. కొందరు పెద్ద సంచితో రానే రారు. లక్షలకొలది జనులనుండి తలకొక చిల్లర తీసికొని తృప్తినొందుదురు. అమెరికా ప్రభుత్వమునకు చెందిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లో న్యాయస్థానమునకు తెచ్చిన వ్యవహార మిట్టిదే. ఊరును పేరును లేని బూటకపు కంపెనీలను స్థాపించి, నిజమైన వర్తకుల పేర్లను బోలిన పేర్లు పెట్టి, పదిలక్షలకు మించిన కార్డులపై ఇరువది సెంట్లు మొదలు పది డాలర్ల వరకు పద్దులు వ్రాసిరి. ఒక్కొక్క కార్డుపై పడినది సాధారణముగా ఒక్క పద్దే. ఇట్లు సంవత్సరముల తరబడి నడచి, కోటి డాలర్లకు సమీపించిన సొమ్ము సముద్రములు దాటిపోయెను. ఆక్షేపించినవారెందరు? కమిషన్ వారి లెక్కనుబట్టి నూటికి తొంబదిమందికి పైగా నోరు మెదపలేదు. చదువునకును, పత్రికలకును, న్యాయవాదులకును కొదువలేని దేశమున ఇట్లు జరిగినది. దొంగలకు ఆశ్రయమిచ్చినది ప్రజల యజ్ఞానము గాదు, ‘ఇంతమాత్రమునకు ఎవరు తిరుగుదురు’ అను నిర్లక్ష్యము.

స్వల్పమైన దానిని సహించుట పెద్దమనిషితనమని మనవారిలో ఒక భావము పాతుకొనియున్నది. చిల్లర కొరకు వాదించువాడు పిసినారియట! కాని ఉప్పుపన్ను మణుగునకు ఎంత యుండెను? రూపాయి నాలుగణాలు. మనుష్యునకు సాలునకు పడిన భారము అణాలలోనే యుండెను. అయినను 1930లో ఈ నెల్లూరు తీరమున, మైపాటియొద్ద, సముద్రపు నీటిని కాచి ఉప్పు చేసినవారు మొత్తమును జూచి లేవలేదు. తమ సొమ్మును తమ సమ్మతిలేక తీయు హక్కును ప్రశ్నించిరి. ఆ మహోద్యమమునకును దొంగపద్దుకును సామ్యము చెప్పుట మా యుద్దేశము గాదు. చిన్న మొత్తమునకు కూడ నోరు తెరచుట నామోషి గాదని చెప్పుటయే మా తాత్పర్యము. దూబగుంట స్త్రీలు 1992లో సారాకు ఎదురు తిరిగినప్పుడును ఆ యుద్యమము మొదలైనది దినదినము ఇంటినుండి జారిపోవు కూలి రూపాయల లెక్కతోనే.

ఇక దొంగపద్దును గుర్తించుట. తెలియని పేరెల్ల దొంగపేరని కేకలువేయుట తగదు. అంగడి పలకపై ఒక పేరుండగా, కంపెనీ రిజిష్టరులో వేరొక పేరుండును. లెక్కపత్రమున రెండవదియే వచ్చును. నెల్లూరు ట్రంకురోడ్డులో భోజనము చేసిన హోటలు, బెంగుళూరులోని యొక కంపెనీ పేరుతో పద్దులో కనబడవచ్చును. పెట్రోలు కొన్నచో నూటికి ఒక రూపాయి చొప్పున అదనపు రుసుము పడి, కొన్ని కార్డులలో పిదప తీసివేయబడును. విదేశపు నాణెములో కొన్నప్పుడు మారకపు రుసుము వేరుగా పడును. మే, జూన్ మాసములలో బ్యాంకు ఖాతానుండి ఇరువది రూపాయలొకసారి, నాలుగువందల ముప్పదియారు రూపాయలొకసారి తగ్గిన యెడల, అవి ప్రధానమంత్రి పేర నడచు ప్రమాద బీమా, జీవిత బీమా పథకముల చందాలై యుండవచ్చును. 2022 జూన్ 1 నుండి ఆ మొత్తములు అట్లు నిర్ణయింపబడినవి. అవి దొంగతనములు గావు, రెండింటిలో దేనికైనను రెండు లక్షల బీమా గలదు. అయితే తాము సంతకము చేయకయే చేర్చిరని నమ్మువారు తమ సమ్మతి పత్రమును చూపుమని శాఖలో నిలదీయవచ్చును. పిల్లలు చేతియంత్రములో నొక యాటను తెరచి, ‘మొదటి నెల ఉచితము’ అనుదానిని నమ్మి నొక్కిన మీటలును నెలనెలకు చందాలై మొలచుచుండును. అవి చట్టరీత్యా చోరత్వము గాకున్నను, సాధుత్వమనుటకు మాకు నోరు రాదు.

వీనినన్నిటిని తీసివేయగా మిగిలినదే అనుమానింపదగినది. ఒకే మొత్తము రెండుమూడు దినముల యెడమున మరల పడుట, అర్ధరాత్రమున పడుట, రూపాయలలో బేరమాడని మనకు డాలర్లలో పద్దు పడుట, ఇవి పరిశీలింపవలసిన గుర్తులు. నెలాఖరు లెక్కపత్రము వచ్చువరకు నిరీక్షింపరాదు. వారమున కొకమారు చూచుట మేలు. ప్రతి రూపాయికిని సందేశము వచ్చునట్లు ఏర్పాటు చేసికొనవలయును. ఈ సందర్భమున నొక మాట. 2024లో ఒక పెద్ద బ్యాంకు నూరు రూపాయలలోపు యూపీఐ చెల్లింపులకు సెల్‌ఫోను సందేశములు పంపుట మానుకొన్నది. సందేశముల వెల్లువలో జనులు విసిగియున్నారని కారణము చెప్పిరి. చిన్న పద్దులే దొంగ నడచు కాలిబాట యైనప్పుడు, ఆ బాటయందలి దీపమునే ఆర్పుట యెట్టి వివేకమో మాకు బోధపడదు.

మన దేశపు నిబంధనలు ఈ విషయమున కొన్ని దేశములకంటె మేలనియే చెప్పవలయును. కార్డు చేతలేక యంకెలతో మాత్రమే జరుపు చెల్లింపునకు రెండవ సాక్ష్యము, అనగా నేడు మన మెరిగిన ఓటీపీ వంటిది, ఉండితీరవలయునని రిజర్వు బ్యాంకు శాసించి 2009 ఆగష్టు 1 నుండి అమలుజరిపినది. కాని విదేశపు టంగడులు చిరకాలము ఈ నియమమునకు వెలుపలనే యుండెను. అందుచేతనే ఓటీపీ యడుగకయే సొమ్ము పోయినదని వాపోవువారి పద్దులు తరచు విదేశపువై యుండును. దీనికి విరుగుడును గలదు. 2020 జనవరి ఉత్తరువు ప్రకారము విదేశ వినియోగమును, ఇంటర్నెట్టు వినియోగమును ఖాతాదారుడే తన యిష్టము చొప్పున తెరచుటకును మూయుటకును, పరిమితి విధించుటకును బ్యాంకులు వీలు గల్పింపవలయును. విదేశములనుండి ఏమియు కొనని కావలి ఉపాధ్యాయునకు ఆ తలుపు తెరచియుంచవలసిన పనియేమి? బ్యాంకు యాప్‌లో ఒక్క మీట త్రిప్పిన చాలును. ఐదువేల రూపాయల వరకు రహస్యసంఖ్య లేకయే కార్డును తాకించి చెల్లించు సౌకర్యమును ఇట్లే మూసివేసికొనవచ్చును. 2022 అక్టోబరు నుండి మన దేశపు అంగడులు కార్డు యంకెలను తమయొద్ద దాచరాదని నిషేధమున్నది. నెలనెల చందాలకు ఇరువదినాలుగు గంటల ముందే తెలుపవలయునను నియమము 2021 అక్టోబరునుండి గలదు. ఆ ముందుమాట సందేశమును చదువక తుడిచివేయువారే మనలో హెచ్చు.

దొంగపద్దు కనబడినచో చేయవలసిన పని ఏది? మొట్టమొదట కార్డును మూయుట. పిమ్మట బ్యాంకునకు తెలుపుట. ఇందు కాలమే ప్రాణము. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న వెలువరించిన ఉత్తరువును ప్రతి ఖాతాదారుడును ఎరిగియుండుట మంచిది. బ్యాంకు దోషముచేత సొమ్ము పోయినచో, ఖాతాదారుడు తెలిపినను తెలుపకున్నను అతనికి నష్టము లేదు. దోషము బ్యాంకుదిగాని ఖాతాదారునిదిగాని గాక మూడవ చోట నుండి, సందేశమందిన పిదప మూడు పనిదినములలో తెలిపినయెడల అప్పుడును అతనికి నష్టము లేదు. నాలుగవ దినము మొదలు ఏడవ దినము లోపల తెలిపినచో ఖాతానుబట్టి ఐదువేలు, పదివేలు, ఇరువదియైదువేలు అను హద్దులలో భారము పడును. ఏడుదినములు దాటినచో బ్యాంకు తన విధానము ప్రకారము నిర్ణయించును. ఫిర్యాదు చేసిన పది పనిదినములలో ఆ మొత్తమును తాత్కాలికముగా ఖాతాలో తిరిగి జమకట్టవలయును. తొంబది దినములలో విషయమును తేల్చవలయును. తప్పు ఖాతాదారునిదే యని రుజువు చేయవలసిన భారము బ్యాంకుపైననే యుండును. ఇది అందరికంటె ముఖ్యముగా గుర్తుంచుకొనదగిన వాక్యము. ‘మీరే ఏదో నొక్కియుందురు’ అను మాట రుజువు గాదు. సహకార బ్యాంకులకును ఇట్టి యుత్తరువే 2017 డిసెంబరులో వచ్చినది. ఈ నిబంధనలు కాలక్రమమున సవరింపబడుచుండును గావున, తమ బ్యాంకునొద్ద నేటి ప్రతిని అడిగి తీసికొనుట ఉత్తమము. అయితే ఓటీపీని స్వయముగా అన్యునకు చెప్పినవానికి ఈ కవచము వర్తింపదు. అతడు తెలుపువరకు పోయిన సొమ్మంతయు అతనిదే, తెలిపిన పిదప పోయినది మాత్రము బ్యాంకుది.

క్రెడిట్ కార్డు విషయమున మరియొక చిక్కు గలదు. మోసపోయినవాడు కోపముతో ఆ నలువదితొమ్మిది రూపాయలను గట్టక యూరకుండును. మరుసటి నెల ఆలస్యపు రుసుము, దానిపై వడ్డీ, వడ్డీపై పన్ను వచ్చి చేరును. దొంగ తీసినదానికంటె ఈ గొలుసు పెద్దదగును. మౌనముగా ఎగవేయుట ఆక్షేపణ గాదు. వ్రాతమూలకముగా ఆక్షేపించినచో, మోసమని వివాదములోనున్న పద్దుపై వివాదము తేలువరకు ఎట్టి రుసుమును వేయరాదని 2022 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు వెలువరించిన కార్డుల నిర్దేశములలో నున్నది. కావున వివాదములోని పద్దు తప్ప మిగిలిన బాకీని గడువునకు కట్టివేసి, ఆక్షేపణను వ్రాసి, దాని సంఖ్యను పుచ్చుకొనవలయును. ఫోనులో ‘చూచెదము’ అన్న మాటకు విలువలేదు. సంఖ్య లేని ఫిర్యాదు నీటిపై వ్రాత.

పోలీసు వారి విషయమునకు వత్తము. 1930 అను సంఖ్యకు ఫోను చేసినచో దేశమంతటికిని ఏర్పడిన సైబరు నేరముల విభాగమునకు ఫిర్యాదు చేరును. త్వరగా తెలిపినచో సొమ్ము పోవు దారిలో దానిని నిలుపుటకు అవకాశముండునట్లు 2021లో ఈ యేర్పాటు జరిగినది. నలువదితొమ్మిది రూపాయలకు పోలీసులా యని నవ్వవలదు. నెల్లూరులో నొకటి, తిరుపతిలో నొకటి, కరీంనగరులో నొకటి చొప్పున ఒకే దొంగపేరుపై ఫిర్యాదులు కూడినప్పుడే దాని వెనుకనున్న ముఠా రూపము కనబడును. అమెరికా వ్యవహారము నన్నేండ్లు దాగియుండుటకు కారణము ఈ కూడిక జరుగకపోవుటయే.

బ్యాంకు ముప్పది దినములలో బదులు చెప్పకున్నను, చెప్పిన బదులు తృప్తికరముగా లేకున్నను, రిజర్వు బ్యాంకు వారి అంబుడ్స్‌మన్ కడకు పోవచ్చును. 2021 నవంబరు 12న ఆరంభమైన ఏకీకృత పథకము ప్రకారము దీనికి రుసుము లేదు, వకీలుతో పనియు లేదు. మొత్తము స్వల్పమని త్రోసిపుచ్చు నియమమును అందు లేదు.

ఇంకొక యుచ్చును గూర్చి హెచ్చరింపక తీరదు. చిన్న పద్దు పడిన గంటలోనే యొక గొంతు ఫోనులో పలుకును. తెలుగు చక్కగనే యుండును. ‘అయ్యా, మీ కార్డుపై తప్పుగా నొక పద్దు పడినది, రద్దు చేసెదము, మీకు వచ్చిన సంఖ్యను చెప్పుడు’ అనును. పద్దు పడిన మాట నిజమే గావున వినువాడు నమ్మును. దొంగ తానే గుచ్చిన ముల్లును తానే తీసెదనని వచ్చుచున్నాడు! సొమ్మును తిరిగి యిచ్చుటకు ఓటీపీ ఎన్నడును అవసరములేదు. అట్లే కంగారులో ఇంటర్నెట్టున వెదకి దొరికిన సహాయపు సంఖ్యకు ఫోను చేయుటయు ప్రమాదకరము. అందు దొంగలు తమ సంఖ్యలనే బ్యాంకు సంఖ్యలుగా నాటియున్నారు. కార్డు వెనుక అచ్చువేసిన సంఖ్య యొక్కటే నమ్మదగినది.

ఖాతాదారులకు ఇంత చెప్పిన పిదప బ్యాంకుల వారికిని చెప్పవలసినది గలదు. 1923లో బందరున పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించినప్పుడు, మన సొమ్ము మన భాషలో మనకు లెక్కచెప్పు సంస్థ యుండవలయునను కోరిక దాని వెనుక లేకపోలేదు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో లీనమైపోయినది. విలీనములు మంచివో చెడ్డవో ఇప్పుడు మేము విచారింపము. కాని నేడు తుమ్మలపెంట బెస్తవాని ఫోనునకు వచ్చు సందేశము ఇంగ్లీషులో, అందును పొట్టి యక్షరములలో, వ్రాసినవానికి దక్క అన్యులకు తెలియని రీతిలో నుండుచున్నది. మూడుదినములలో ఆక్షేపింపుమని చట్టము చెప్పును. సందేశము చదువలేనివాడు దేనిని ఆక్షేపించును? వానికి గడువు లెక్కించుట యెట్లు న్యాయమగును? ఖాతాదారుడు కోరిన భాషలో సందేశము పంపుట యంత్రములకు అసాధ్యమైన కార్యము గాదు. సినిమా టిక్కెట్టు అమ్మువారు తెలుగున మాటలాడుచున్నారు, ఎరువుల కంపెనీవారు తెలుగున ప్రకటనలు పంపుచున్నారు. సొమ్ము పోయిన వార్త యొక్కటియే ఇంగ్లీషులో రావలయునా?

శాఖలలో గుమాస్తాల తీరును గూర్చియు ఫిర్యాదులు మాకు వినవచ్చుచున్నవి. వృద్ధుడొకడు లెక్కపత్రమును చేతబట్టుకొని వచ్చినప్పుడు, ‘ఇంత చిన్న మొత్తమునకు ఇంత దూరము వచ్చితిరా’ అని నవ్వుట, ‘ఆన్‌లైనులో చేసికొనుడు’ అని పంపివేయుట మర్యాద గాదు. ఆ నవ్వుచేత నొక ఫిర్యాదు ఆగును. దొంగకు నొక మాసము లభించును. ప్రతి శాఖలోను ఆక్షేపణ పత్రములు తెలుగున అచ్చువేసి బల్లపై నుంచవలయును. తీసికొన్న ఫిర్యాదునకు సంఖ్య వ్రాసి యీయవలయును. దొంగపేర్లుగా తేలినవానిని నెలకొకసారి నోటీసు పలకపై అంటింపవలయును. ఇందు దేనికిని కొత్త చట్టము అక్కరలేదు, కొత్త ధనమును అక్కరలేదు.

పఠనాలయముల నిర్వాహకులకును ఒక విన్నపము. గ్రామములలో ఒకప్పుడు ఉత్తరములు చదివిపెట్టుటకును, మనియార్డరు ఫారములు నింపిపెట్టుటకును గ్రంథాలయమున నొక చదువుకొన్న యువకుడు కూర్చుండెడివాడు. నేడు ఉత్తరములు లేవు గాని చదువవలసిన సందేశములు మిక్కుటముగా నున్నవి. వారమున కొక సాయంకాలము లెక్కపత్రములు చదివిపెట్టుటకును, ఫోనులో విదేశపు వినియోగము మూయు మీటను చూపుటకును, ఆక్షేపణ వ్రాసిపెట్టుటకును ఇద్దరు యువకులు ముందుకు వచ్చినచో చాలును. వారు ఎవరి రహస్యసంఖ్యను అడుగరాదు, ఎవరి ఫోనును తమ చేతిలోనికి తీసికొనరాదు, యజమాని చేతనే నొక్కింపవలయును. కోవూరు, అల్లూరు, ఇందుకూరుపేట ప్రాంతములనుండి ఇట్టి పని యారంభించిన గ్రంథాలయములవారు తమకు తారసిల్లిన దొంగపద్దుల పేర్లను, పడిన తేదీలను, మొత్తములను వ్రాసి మాకు పంపినయెడల, ఖాతాదారుల పేర్లను వెల్లడింపక, వానిని ఈ పుటయందే వారమువారము ప్రకటించుటకు సిద్ధముగా నున్నాము.